యూపీఐలో డబ్బు కట్ అయింది, బ్యాంకు చాట్‌బాట్ చెప్పిందే చెబుతోంది. ఏం చేయాలి?

చాలా బ్యాంకు బాట్‌లు మీ గోడు చదవవు. వాక్యంలో తెలిసిన మాట పట్టుకుని, దానికి ముందే రాసిపెట్టిన జవాబు అంటిస్తాయి. "నిన్న సాయంత్రం కిరాణా కొట్లో 840 కట్టాను, వాళ్లకి చేరలేదు, నా బ్యాలెన్స్ తగ్గింది" అని రాస్తే అది "బ్యాలెన్స్" దగ్గర ఆగి, మీ బ్యాలెన్స్ చూపిస్తుంది! కథ వద్దు. "ఫెయిల్డ్ ట్రాన్సాక్షన్ కంప్లయింట్" అని మూడు మాటలు కొట్టండి. రెండుసార్లు అదే జవాబొస్తే ఇక వదిలేయండి.

అసలు పని పేమెంట్ యాప్‌లోనే తేలుతుంది. హిస్టరీలో ఆ లావాదేవీ తెరిచి, అక్కడి నుంచే ఫిర్యాదు పెట్టండి. 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) దానికదే జతవుతుంది. చాట్‌లో మొరపెట్టుకున్నది ఫిర్యాదుగా నమోదైందని అనుకోవద్దు. కంప్లయింట్ నంబరు చేతికి రాకపోతే లెక్కలో లేనట్టే. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

2019 నాటి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం, వ్యక్తికి పంపినది చేరకపోతే మర్నాటికల్లా, దుకాణానికైతే 5 రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, అదీ మీరు అడక్కుండానే. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఉచితంగా రాయొచ్చు; వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

విసుగొచ్చి కస్టమర్ కేర్ నంబరు మాత్రం గూగుల్‌లో వెతక్కండి. మోసగాళ్లు కాచుకునేది అక్కడే. కార్డు వెనక ఉన్న నంబరుకే చేయండి.