దేవదాసు బతికిపోతే మనకేటి నష్టం?

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. మాది పర్లాకిమిడి, అత్తవారిది రాయగడ. మొన్న సెలవులకి పుట్టింటికెళ్తే మా తమ్ముడు ఫోన్ టీవీకి కలిపి హిందీ 'దేవ్ డి' పెట్టాడు. దేవదాసు కథే కదా అని మా నాయనమ్మ కూడా వచ్చి కూచుంది, పావుగంటకే "ఆపండర్రా" అని లేచెళ్లిపోయింది. చివర్లో ఆడు చావలేదని చెప్తే ఇంకా కోపం, "చావకపోతే ఆడు దేవదాసేటి" అంటాది. నాకైతే సినిమా నచ్చింది. ఎవరు రైటు?

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడికి రెండు తగిలించాలి, నాయనమ్మని పక్కన కూచోబెట్టుకుని చూసే సినిమానా అది!

ఆవిడ మనసులో ఉన్నది 1953 నాటి నాగేశ్వర్రావు, సావిత్రి. ఆ శాలువా, ఆ సీసా, ఘంటసాల గొంతు. మా బరంపురం వీధిలో కుర్రాడు నాల్రోజులు గడ్డం గీయకపోతే ఒడియా ఇంట్లోనూ దేవదాసే, తెలుగింట్లోనూ దేవదాసే, అంతలా తిట్టుగా స్థిరపడిపోయిన పేరు. బెంగాలీ రచయిత శరత్ చంద్ర చటర్జీ కుర్రతనంలో రాసుకున్న నవల అది, అచ్చయింది 1917లో.

కానీ నవల తీసి చదవండి, వాడి మీద జాలి సగం పోతుంది. పార్వతికి వేరే పెళ్లి కుదిరాక గాలం కర్రతో ఆ పిల్ల నుదుటి మీద కొట్టి మచ్చ చేసినవాడు. అంతకు ముందు ఆ పిల్ల పరువు పణంగా పెట్టి అర్ధరాత్రి ఒక్కతే వాడి గదికొస్తే, వీడు కలకత్తా పారిపోయి నువ్వంటే నాకంత ప్రేమేం లేదన్నట్టు ఉత్తరం రాస్తాడు. తర్వాత తాగిందంతా ఆ ఉత్తరానికి వడ్డీ. మన సినిమాలో 'జగమే మాయ' మొదలవగానే ఆ ఉత్తరం సంగతే మర్చిపోతాం, పాట అంత బాగుంటుంది మరి.

2009లో అనురాగ్ కశ్యప్ చేసిన మంచి పని ఏంటంటే వాడికి ఆ పాట అండ లేకుండా చేశాడు. పారో (అందులో పార్వతి పేరు) పెళ్లిలో వీడు తాగి తూలుతుంటే బ్యాండువాళ్లు 'ఎమోషనల్ అత్యాచార్' అని వెక్కిరిస్తున్నట్టే పాడతారు. అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది ఆ పరుపు సీను. పారో పరుపు చుట్టి సైకిల్ మీద పెట్టుకుని పొలానికెళ్తుంది, వీడు ఎవడో చెప్పిన మాట నమ్మి అవమానిస్తాడు, ఆ పిల్ల మళ్లీ ఆ పరుపే మోసుకుని ఇంటికొచ్చి చేతిపంపు కొడుతుంది చూడండి, ఆ కొట్టుడులోనే ఉంది కోపమంతా. డైలాగ్ ఒక్కటి అక్కర్లేదు. మాహీ గిల్ అదరగొట్టింది.

అయితే చావు దగ్గర నేను నాయనమ్మ పార్టీ, కారణం మాత్రం వేరు. చచ్చేలోపు ఒక్కసారి నీ గుమ్మంలోకొస్తానని పార్వతికి మాటిస్తాడు దేవదాసు. ఒళ్లంతా పాడై, రైలు దిగి, ఎద్దుబండెక్కి, ఆఖరికి ఆవిడ ఇంటి ముందు ప్రాణం వదులుతాడు. జీవితం మొత్తంలో వాడు నిలబెట్టుకున్న మాట అదొక్కటే. హిందీవాడు చావుతో పాటు ఆ మాట కూడా తీసేశాడు. అందులో దేవ్‌గా వేసిన అభయ్ డియోల్ కారు కింద మనుషులు పోయాక కూడా ఎంచక్కా చందాని (అందులో చంద్రముఖి) బండెక్కించుకుని వెళ్లిపోతాడు, మరి పోయినోళ్ల సంగతేంటి? బతకడం తప్పు కాదమ్మా, బాకీ తీర్చకుండా బతికేశాడు, అదీ నా గొడవ.

ప్రశ్న: కృష్ణ గారి 'దేవదాసు' ఎందుకు ఆడలేదండీ? (గుణుపురం పాఠకుడు)

జవాబు: 1974లో విజయనిర్మల డైరెక్షన్లో కలర్లో తీశారు, రమేష్ నాయుడు పాటలు బాగానే ఉంటాయి బాబూ. కానీ జనం కళ్లలో ఇంకా నాగేశ్వర్రావే ఉన్నాడు, హాల్లో కూచుని ప్రతి సీనుకీ పాతదాంతో పోల్చుకుంటుంటే ఎవడు మాత్రం ఏం చేస్తాడు. కశ్యప్ తెలివైనోడు, పోల్చుకోడానికి ఏమీ మిగల్చకుండా కథని పంజాబ్‌కీ ఢిల్లీ లాడ్జీలకీ ఎత్తుకుపోయాడు.

పర్లాకిమిడి అమ్మాయీ, ఈసారి నాయనమ్మకి 1953దే పెట్టు. ఆ ఎద్దుబండి వచ్చేసరికి నీ ఫోన్ నువ్వే పక్కన పెట్టేస్తావు, పందెం.