"బొమ్మలేసుకుని బతకగలదా?" అని అడిగిన ఒక నాన్నకు

ప్రశ్న: మాది తిరుపతి. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. మా పాప ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయింది. ఈఏపీసెట్ ర్యాంకుకు ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చేట్టుంది. కానీ తను బీఎఫ్ఏ (చిత్రకళ డిగ్రీ) చేస్తానని, బొమ్మలేసుకునే బతుకుతానని పట్టుబట్టింది. పరీక్షల ముందు తన రంగులు, బొమ్మల పుస్తకాలు మూటగట్టి అటక మీద పెట్టాను. అప్పట్నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. మధ్యేమార్గంగా యానిమేషన్‌లో చేర్చమని బంధువులు అంటున్నారు. నాకింక ఏడేళ్ళ సర్వీసే ఉంది. ఈ మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అన్నా, మీరు కోర్సుల గురించి అడిగారు. కానీ మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది "ఏడేళ్ళ సర్వీసే ఉంది" అన్న చోట. నా జీతం ఆగిపోయాక ఈ పిల్ల ఎవరి మీద ఆధారపడాలి అన్నదే మీ టెన్షన్. ఇరవయ్యేళ్ళుగా తల్లిదండ్రులు ఇదే భయంతో నా దగ్గరికి వస్తున్నారు. ఒకరి బిడ్డకు నాట్యం, ఇంకొకరి బిడ్డకు మృదంగం, మీ బిడ్డకు బొమ్మలు. ఆ భయంలో తప్పేమీ లేదు. దానికి కోర్సుల పట్టికతో జవాబు చెప్పలేం.

అయినా అడిగారు కాబట్టి పోలిక చెప్తాను. బీటెక్ అయినా బీఎఫ్ఏ అయినా నాలుగేళ్ళే. బీటెక్‌లో పని నేర్చుకున్న పిల్లలకు మొదటి జీతం తొందరగా వస్తుంది, పట్టా మాత్రమే తెచ్చుకున్నవాళ్ళకు రాదు. బీఎఫ్ఏ ముగిసిన మర్నాడు ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో ఆర్ట్ టీచర్ పోస్టులకు ఆ డిగ్రీ పనికొస్తుంది కానీ ఆ పోస్టులు కొన్నే. చదువుకు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. అలిపిరి దగ్గర టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప కళాశాల కూడా ఉంది. రాయి, లోహం, కొయ్య, చిత్రలేఖనం, కలంకారీ అక్కడ నేర్పుతారు. దాని ముందు నుంచి మీరు ఎన్నిసార్లు బస్సులో వెళ్ళి ఉంటారో!

ఇక మీ బంధువులు చెప్పిన మధ్యేమార్గం. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈమధ్య నాకు ఎక్కువ దిగులు కలిగిస్తున్నది ఇదే. యానిమేషన్ చెడ్డ పని కాదు, దాన్ని ప్రాణం పెట్టి చేసే పిల్లలు నాకు తెలుసు. నా అనుమానమంతా సంస్థలు లక్షల్లో ఫీజు తీసుకుని అమ్మే ఆ కలల మీద. మన ప్రాంతం నుంచే ఒక తండ్రి బంగారం తాకట్టు పెట్టి కొడుకును అలాంటి కోర్సులో చేర్చాడు. పద్దెనిమిది నెలలు సాఫ్ట్‌వేర్‌లో బటన్లు ఎక్కడున్నాయో నేర్పారు, మనిషి చెయ్యి ఎలా కదులుతుందో గీయడం నేర్పలేదు. "నూరు శాతం ప్లేస్‌మెంట్" అన్నది చివరికి ఒక స్టూడియోలో ఆరు నెలల కాంట్రాక్టు అయింది. ఆ అబ్బాయి ఇప్పుడు ఫ్లెక్సీల షాపులో పని చేస్తున్నాడు. అది గౌరవంగా బతికే పనే, దానికి తాకట్టు అవసరం లేదు.

ఇంకో సంగతి. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు స్టూడియోల్లో చాలావరకు విదేశీ సినిమాలకు, సీరియళ్ళకు పని జరుగుతుంది. 2023లో హాలీవుడ్‌లో రచయితలు, నటులు సమ్మె చేస్తే ఇక్కడి స్టూడియోలకు కూడా పని తగ్గింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే పెద్ద సంస్థ కుప్పకూలితే మన దేశంలో వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. దానికి తోడు, కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చే చిన్న చిన్న పనులను ఇప్పుడు కంప్యూటరే క్షణాల్లో చేసి పెడుతోంది. నిచ్చెనలో కింది మెట్లే విరుగుతున్న చోట, అదే భద్రమైన దారి అని మీకెవరు చెప్పారో వాళ్ళను మళ్ళీ అడగండి. గీయడం బాగా వచ్చిన పిల్ల సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా నేర్చుకోగలదు. ముందు సాఫ్ట్‌వేర్, తర్వాత గీత అంటే మాత్రం కుదరడం లేదు. రీల్స్ పెట్టి లక్షమంది ఫాలోవర్లను తెచ్చుకుంటానని మీ పాప అంటే దానికీ ఇదే చెప్తాను: చూసి లైక్ కొట్టేవాళ్ళు వేరు, జేబులోంచి డబ్బు తీసేవాళ్ళు వేరు.

మరి బొమ్మలేసుకుని ఎలా బతుకుతారు? చూడాలంటే మీరు దూరం పోనక్కర్లేదు. శ్రీకాళహస్తికి బస్సులో గంట ప్రయాణం. అక్కడ కలంకారీ వాళ్ళు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు, రంగు పాకకుండా. కాల్చిన చింతపుల్లతో గీత గీసి, వెదురు కలంతో నల్లరంగు దిద్దుతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరితేనే ఆ నలుపు వస్తుంది. ఎర్రగా రావాలంటే ముందు పటిక పూయాలి. రంగు రంగుకూ ఉతుకు, మళ్ళీ ఎండ. ఒక రామాయణం పటం పూర్తి కావడానికి నెలలు పడుతుంది, కొనేవాళ్ళు ఎప్పుడో గానీ రారు. అందుకే ఆ కలంతోనే చీరలు, దుపట్టాలు వేస్తారు. దుపట్టా ఇల్లు నడుపుతుంది, పటం పేరు తెస్తుంది. గత శతాబ్దం మధ్యలో దాదాపు కనుమరుగయ్యే స్థితికి వచ్చిన పని అది. చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ లాంటివాళ్ళ పూనికతో మళ్ళీ లేచి నిలబడింది. 2008లో జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. ఆ వీధుల్లో ఇప్పుడు ఎంతోమంది ఆడవాళ్ళు ఈ పని మీదే సంసారం నడుపుతున్నారు. ఆడపిల్ల అన్న మాట మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, మీ మనసులో ఉందని నాకు తెలుసు.

చెన్నై పక్కన చోళమండలం అని కళాకారుల ఊరు ఒకటుంది. మద్రాసు చిత్రకళా కళాశాల ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణికర్, ఆయన శిష్యులు, తోటి చిత్రకారులు కలిసి 1966లో మొదలుపెట్టారు. వాళ్ళ పెయింటింగులను అప్పట్లో ఎవరు కొంటారు? అందుకని అందరూ కూర్చుని బాతిక్ (మైనం అద్ది రంగులేసే) గుడ్డలు, చేతిపని వస్తువులు తయారుచేసి అమ్మారు. ఆ డబ్బుతోనే స్థలం కొన్నారు, ఇళ్ళు కట్టుకున్నారు. మిగిలిన సమయంలో తమకు నచ్చిన బొమ్మలు వేసుకున్నారు. బియ్యం డబ్బులు ఒక పని నుంచి, ప్రాణం పెట్టే పని ఇంకొకటి, రెండింటికీ చెయ్యి మాత్రం ఒకటే. నిలబడిన కళాకారుల్లో నేను చూసినవాళ్ళందరూ దాదాపు ఇలాగే బతికారు. పెయింటింగ్ ఒక్కదాన్నే నమ్ముకుని ఇరవై రెండేళ్ళకే ఇల్లు గడవాలంటే ఎవరివల్లా కాదు, మీ పాపకు ఈ మాట గట్టిగా చెప్పండి.

తనకు ఇంకా చెప్పాల్సింది డబ్బు లెక్క. ఫొటో చూసి ఒకరి బొమ్మ గీసిమ్మని ఆర్డరు వచ్చిందనుకోండి. కాన్వాసు, రంగులు 800, ఫ్రేము 700, పన్నెండు గంటల పని. మొహమాటానికి 2,000 చెప్పిందంటే చేతికి 500 మిగులుతుంది, అంటే గంటకు 42 రూపాయలు. మన ఊళ్ళో చెయ్యి తిరిగిన కుర్రాళ్ళు ఇలాగే ధరలు చెప్పి రెండేళ్ళలో విసిగిపోయి బ్రష్షు పక్కన పడేస్తున్నారు. సగం అడ్వాన్సు తీసుకోకుండా గీత గీయకూడదు. మాట కాగితం మీద ఉండాలి, ఎందుకంటే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్ మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్ళదే అవుతుంది. ఆ బొమ్మనే వాళ్ళు వెయ్యి క్యాలెండర్లకు వాడుకున్నా మీ పాపకు అడిగే హక్కుండదు.

తిరుపతికి రోజూ వేలమంది వస్తారు కదా, బొమ్మలు అమ్ముకోవచ్చు అనుకుంటే అది పొరపాటు. దర్శనం హడావుడిలో వచ్చినవాళ్ళు లడ్డూ, చిన్న పటం కొనుక్కుని బస్సెక్కుతారు. చేత్తో వేసిన చిత్రం కొనేవాళ్ళు చెన్నై, బెంగళూరుల్లో ఉన్నారు. రెండూ మనకు ఒక పూట ప్రయాణమే. బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏటా జనవరిలో చిత్ర సంతె పెడుతుంది. చిత్రకారులు రోడ్డు మీదే బొమ్మలు పరుచుకుని నేరుగా అమ్ముకుంటారు. ఒకసారి పాపను తీసుకెళ్ళి చూపించండి. అమ్మడానికి తొందరేమీ లేదు. సాయంత్రం పూట ఇంట్లోనే పదిహేనుమంది పిల్లలకు డ్రాయింగ్ నేర్పితే, తలకు 600 అనుకున్నా నెలకు 9,000 వస్తాయి. బియ్యం డబ్బులంటే ఇవే.

18 నుంచి 25 ఏళ్ళ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్ళపాటు నెలకు 5,000 స్కాలర్‌షిప్ ఇస్తుంది. కలంకారీ లాంటి చేతిపని చేసేవాళ్ళకు కేంద్రం ఇచ్చే ఆర్టిజన్ కార్డు ఉంది. చేతివృత్తులవాళ్ళకు కేంద్రం పెట్టిన విశ్వకర్మ పథకం గురించి మీకెవరైనా చెబితే ఆశపడొద్దు. అందులోని 18 వృత్తుల్లో శిల్పులున్నారు గానీ చిత్రకారులు లేరు.

కానీ ఏ ప్రభుత్వ పథకమూ ఇవ్వలేని సాయం మీ ఇంట్లోనే ఉంది. ఒక గది, రెండు పూటలా అన్నం, చదువయ్యాక ఓ నాలుగైదేళ్ళు "ఎంత సంపాదించావు" అని అడగకుండా ఉండటం. హైదరాబాదు హాస్టల్లో ఉండి కళాకారుడు కావాలనుకునే పిల్లవాడికి ఈ మూడూ ఉండవు. బీటెక్ కోసం మీరు దాచిన డబ్బులో బీఎఫ్ఏ ఖర్చుకు పోగా మిగిలేది పాప పేరు మీద డిపాజిట్ చేయండి. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో, ఆరోగ్య బీమా ఒకటి, తన పేరుతో వేరే ఖాతా. మీ ఏడేళ్ళ సర్వీసులో ఇంతవరకు చేయగలరు. అప్పుడు మీ రిటైర్మెంటు తనకు గండం కాదు.

ఇప్పుడు ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. లెక్కలంటే భయపడి బొమ్మల వైపు పారిపోయే పిల్లల్ని నేను చూశాను, వాళ్ళకు నేనే వద్దని చెప్తాను. మీ పాప ఎంపీసీలో మంచి మార్కులు తెచ్చుకుని, ఆ తర్వాత అడిగింది. మీరు పెట్టిన పరీక్ష పాసై వచ్చి అడిగినా, ఆ బిడ్డ రంగులను అటక మీదే ఉంచారు మీరు. పరీక్షలైపోయి ఇన్నాళ్ళైనా దించలేదు. అది జాగ్రత్త కాదన్నా, శిక్ష. ఏ తప్పుకు శిక్షో ఆ పిల్లకు తెలియదు, అందుకే మాట్లాడటం లేదు. రేపు ఇష్టం లేకుండా బీటెక్‌లో చేరినా మాట్లాడదు.

మీ వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే స్టూలు వేసుకుని ఆ మూట దించండి. దుమ్ము మీరే దులపండి. ఆమెనేమీ అడక్కుండా, పుస్తకాలు ఒక్కొక్కటే తిరగేయండి, మొదటి పేజీ నుంచి. తర్వాత ఇద్దరూ కాళహస్తి బస్సెక్కండి.