గ్లూకోజ్‌లోని ఆరు కార్బన్ల లెక్క

తమ్ముడూ, కణాలు గ్లూకోజ్ నుంచి శక్తి తీసే క్రమంలో వచ్చే క్రెబ్స్ వలయం ఒకసారి తిరిగితే రెండే కార్బన్ డయాక్సైడ్లు వస్తాయి, మరి గ్లూకోజ్‌లోని ఆరు కార్బన్లు ఏమయ్యాయని అడిగావు. వలయానికి ముందు జరిగేది లెక్కలో వదిలేశావు, అంతే. టెన్షన్ పడకు.

గ్లూకోజ్ ముందు కణద్రవ్యంలో మూడేసి కార్బన్ల పైరువేట్లు రెండుగా విడిపోతుంది. అవి మైటోకాండ్రియాలోకి వెళ్లి, ఒక్కో కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా వదిలి అసిటైల్ కో-ఎ అవుతాయి. అక్కడే రెండు పోయాయి. అసిటైల్ కో-ఎలో మిగిలిన రెండు కార్బన్ల ముక్క నాలుగు కార్బన్ల ఆక్సాలోఅసిటేట్‌తో కలిస్తే ఆరు కార్బన్ల సిట్రేట్, వలయం మొదలయ్యేది అక్కడే. ఒక్కో తిరుగుడికి రెండు చొప్పున, రెండుసార్లకి నాలుగు. మొత్తం ఆరు సరిపోయాయి. ఇంకో సంగతి, నాకు చాలా ఇష్టమైనది: ఆ తిరుగుడులో బయటికి పోయే రెండూ అప్పుడే వచ్చిన కార్బన్లు కావు, పాత ఆక్సాలోఅసిటేట్‌వి.

వలయంలో ఆక్సిజన్ ఎక్కడా కనబడదు, అయినా అది లేకపోతే ఎందుకు ఆగుతుందన్నావు. ఒక్కో తిరుగుడులో ఎన్ఏడీ అనే వాహక అణువు ఎలక్ట్రాన్లు ఎత్తుకుని ఎన్ఏడీహెచ్ అవుతుంది, అలా మూడు తయారవుతాయి. వాటి ఎలక్ట్రాన్లను చివర్లో అందుకునేది ఆక్సిజనే. అందుకోకపోతే ఎన్ఏడీహెచ్ తన బరువు దించుకుని మళ్లీ ఎన్ఏడీగా మారదు, వలయం ఆగిపోతుంది.

మన పర్లాకిమిడి వైపు వానలకి మొక్కజొన్న చేలో నీళ్లు నిలిస్తే ఆకులు పసుపెక్కుతాయి కదా. ఒక మొక్క పీకి చూడు, వేళ్లు గోధుమరంగుకి తిరిగి మెత్తగా ఉంటాయి. గాలి అందక వలయం ఆగి, ఆ వేళ్లు ఒక్కో గ్లూకోజ్‌కి రెండే ఏటీపీలతో (కణానికి శక్తినిచ్చే అణువులు) సరిపెట్టుకున్నాయి. పక్క మడిలో వరి మాత్రం పచ్చగా ఉంటుంది, దాని కాండంలోంచి వేళ్లదాకా గాలి గదులున్నాయి.