మనుషులు నిజంగా చెడిపోయారా? మా తాత ఉత్తరంలో దొరికిన జవాబు

"రోజురోజుకూ మనుషుల్లో దయ, నీతి ఎందుకు తగ్గిపోతున్నాయి?" అని అడిగారు. అసలు తగ్గాయన్న మాటే నేను ఒప్పుకోను. ఒకప్పుడు ఒప్పుకునేవాణ్ణి. మా నాన్న నోట చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మాట అది.

నాన్నది నల్లగొండ వైపు పల్లె. 1983లో ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి మలక్‌పేటలో గది అద్దెకు తీసుకున్నాడు. "ఆ రోజులల్ల మనిషికి మనిషి ఉండె. ఒకరింట్ల చావైతే వాడకట్టంత పొయ్యి ముట్టియ్యకపోయేది" అంటుంటాడు. రెండేళ్ల కింద ఇంటికి రంగులేయిస్తూ పాత ట్రంకుపెట్టె దించితే అడుగున ఒక ఇన్‌లాండ్ లెటర్ దొరికింది. మా తాత నాన్నకు రాసింది, అదే 1983లో. "బిడ్డా, కాలం పాడైంది. పట్నంల ఎవ్వరిని నమ్మకు. మా కాలం మనుషులు ఇప్పుడు లేరు" అని ఉంది అందులో. నాన్న ఏ రోజుల్ని తలుచుకుని నిట్టూరుస్తాడో, తాత లెక్కలో అవే చెడ్డరోజులు.

ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. 2023 జూన్‌లో 'నేచర్' పత్రికలో ఆడమ్ మాస్ట్రోయానీ, డేనియల్ గిల్బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రాసిన వ్యాసం చూశాక కొంత అర్థమైంది. 1949 నుంచి 2019 దాకా జరిగిన సర్వేలెన్నో వాళ్లు ముందేసుకున్నారు. కనీసం 60 దేశాల్లో జనం నీతి దిగజారుతోందనే చెప్పారు, అదీ 70 ఏళ్లుగా. కానీ "నిన్న మిమ్మల్ని మర్యాదగా చూశారా?", "ఈ మధ్య ఎవరికైనా సాయం చేశారా?" అని సూటిగా అడిగితే, ఆ జవాబులు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. మనుషులు నిజంగా అంత చెడిపోయి ఉంటే అది ఈ జవాబుల్లో కనబడాలి కదా. ఇంకో సంగతి నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది. పతనం ఎప్పుడు మొదలైందని అడిగితే, జనం దాదాపుగా తాము పుట్టిన కాలాన్నే చూపించారట. తమకు బాగా తెలిసినవాళ్లు మాత్రం చెడిపోలేదన్నారట.

జనానికి ఇలా ఎందుకు అనిపిస్తుందో ఆ శాస్త్రవేత్తలు కారణాలు రెండు చెప్పారు. ఒకటి, చెడు మన చూపును తొందరగా లాగుతుంది. పొద్దున లేచి ఫోన్ తెరిస్తే హత్య, మోసం, రోడ్డు మీద కొట్లాట. కోటి మంది బతికే ఊళ్లో నిన్న ఎవరు ఎవరికి బండి ఆపి లిఫ్ట్ ఇచ్చారో ఏ చానెలూ చెప్పదు. రెండోది జ్ఞాపకం. పాత అవమానాల మంట మంచి జ్ఞాపకాల తీపి కంటే ముందే ఆరిపోతుంది. అలా ఈనాటి చెడు కళ్లముందు, ఆనాటి మంచి మనసులో మిగులుతాయి. రెండింటినీ తూకమేస్తే తక్కెడ ఎటు మొగ్గుతుందో తెలిసిందే.

మంట ఆరనివాళ్లు కూడా ఉంటారు. అమ్మ ఓ రోజు నాన్నను మధ్యలోనే ఆపింది. "మంచిరోజులు మీకు. మా ఊరి చాయ్ హోటల్ల చూరు కింద వేరే గ్లాసులుండేటివి. మా చేన్ల పనిచేసే అవ్వ దూరం నిలబడి తాగి, తనే కడిగి బోర్లియ్యాలె" అంది. దళితులకు వేరే గ్లాసు పెట్టే ఈ రెండు గ్లాసుల పద్ధతి గురించి నేను విన్నది అప్పుడే. ఆ అవ్వను అడిగితే 'ఆ రోజులు' ఎలా ఉండేవని చెప్పేదో!

ఇదంతా ఊరికే చర్చ కాదు నాకు. మాది సరూర్‌నగర్ చెరువు కింది కాలనీ. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకు నీళ్లు ఇంట్లోకొచ్చాయి. నేను వేరే ఊళ్లో ఉన్నాను. నాన్నకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేడు. కేకేయమని అమ్మ అంటే, "ఈ రోజులల్ల ఎవరొస్తరు" అని మంచం మీదే కూర్చున్నాడట. నీళ్లు మంచం కోళ్లు దాటేదాకా అలాగే కూర్చున్నాడు. మనుషులు చెడిపోయారన్న నమ్మకం చేసే అసలు నష్టం నాకు అక్కడ కనబడింది. అది నోటిదాకా వచ్చిన కేకను ఆపేస్తుంది.

చివరికి అమ్మే కిటికీలోంచి అరిచింది. వెనక గల్లీ నుంచి ముగ్గురు పిల్లలు నడుంలోతు నీళ్లలో వచ్చి, నాన్నను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైఅంతస్తుకు మోశారు. అంతకుముందు వాళ్లతో మాకు మాటల్లేవు. వాళ్ల బండ్ల చప్పుడు గురించి నాన్న రెండుసార్లు గొడవ కూడా పడ్డాడు. పైఇంటివాళ్లు మూడు రోజులు అన్నం పెట్టారు.

మొన్న బంధువులొస్తే నాన్న ఆ రాత్రి సంగతి చెప్పాడు. కళ్లు చెమర్చాయి. చివర్లో, "అప్పటి పిల్లలు వేరు. ఇప్పుడైతే ఎవరొస్తరు?" అన్నాడు.

ఆ ముగ్గురూ ఇప్పటికీ వెనక గల్లీలోనే ఉంటున్నారు.