రంగు కాదు, గోడ చూడండి

నమస్కారమండి. అమలాపురంలో పాత రెండు వాటాల ఇల్లు అమ్మకానికి ఉంది, నెలకు 16,000 అద్దె వస్తుందంటున్నారు, కొనవచ్చా అని అడిగారు. బయానా ఇప్పుడే ఇవ్వకండి. ఒక పెద్ద వాన వెలిశాక వెళ్లి చూడండి. మన డెల్టా నల్లమట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు కనిపిస్తే పునాది కదిలిందేమో మేస్త్రీకి చూపించండి. కొత్తగా రంగు వేసిన గోడకు మోకాలి ఎత్తున అరచేయి ఆనించండి. తెల్లటి ఉప్పు పొడి అంటితే నేలలోని చెమ్మ పైకెక్కుతున్నట్టే. భీమవరంలో మా గోడకు రెండుసార్లు పైపూత వేయించాను, రెండూ రాలిపోయాయి. బోరు నీళ్లు కూడా రుచి చూడండి. ఉప్పునీటి ఇంట్లో అద్దెకున్నవారు ఎక్కువ కాలం నిలవరు.

అద్దెను 12 నెలలకు కాకుండా 10 నెలలకే లెక్కవేసి, అందులోంచి ఇంటి పన్ను, మరమ్మతులు తీసేయండి. ఆ మిగులుతో బ్యాంకు వాయిదా గడవకపోతే ధర తగ్గించమని గట్టిగా అడగండి. ఆదాయపు పన్ను లెక్కలో, మీరు కట్టిన ఇంటి పన్ను పోగా మిగిలిన అద్దెపై 30 శాతం మినహాయింపు ఉంటుంది, మరచిపోకండి. మన ఆంధ్రప్రదేశ్‌లో అద్దె ఒప్పందం ఏడాది లోపుదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 11 నెలలకు రాసుకున్నా, తాళాలిచ్చే రోజు కరెంటు మీటరు అంకె అందులో రాయించండి.