మళ్ళీ చదవమని అడిగే మాట

ఒంగోలు

తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. కందుకూరు నుంచి నువ్వు పంపిన ఏడు ధ్యానాలూ అందాయి. ఒక్కొక్కటి రెండుసార్లు చదివాను. సంఘ పత్రికలో అనుదిన ధ్యానాల పుట ఇకమీదట నువ్వు రాస్తావని తెలిసినప్పుడు సంతోషించాను. ఇవి చదివాక ఆ సంతోషం పెరిగింది. నీకు వాక్యమంటే ప్రాణం. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. మిగిలినవి నేర్చుకోవచ్చు. వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన ఒక్క సంగతి కోసమే ఈ ఉత్తరం.

ఏడింటిలోనూ మొదటి వరుసలో వాక్యం ఉంది, రెండో వరుసకే ఓదార్పు వచ్చేసింది. అంత తొందర వద్దు.

యిర్మీయా 29:11 తీసుకున్నావు. 'సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు' అనే ఆ మాట మన ఇళ్ళ గోడల మీది కాలెండర్లలో ఉంటుంది, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో ఉంటుంది. ఉద్యోగ పరీక్షలు రాసే పిల్లలకు దాన్ని అన్వయించి, త్వరలోనే మంచి కబురు వింటావు అని ముగించావు. ఆ వాగ్దానం నువ్వెలా చేయగలవు? దాని పైనున్న పదో వచనం చూడు. డెబ్బై ఏళ్ళు గడిచాకే దర్శిస్తానంటున్నాడు దేవుడు. అది బబులోనుకు చెరపోయినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం. దాన్ని చదివించుకుని విన్న పెద్దలు చాలామంది తమ ఊరు మళ్ళీ చూడకుండానే కన్నుమూసి ఉంటారు. వాళ్ళకు అందులో చెప్పిన మొదటి పని ఇళ్ళు కట్టుకోమని, తోటలు నాటుకోమని, అదీ ఆ పరాయి దేశంలోనే. మూడుసార్లు పరీక్ష పోయిన పిల్లవాడికి రేపే కబురు వస్తుందనే మాట ఎల్లుండికి చేదవుతుంది. చెరలో కూడా తోట నాటుకోమన్న దేవుడు నీకు ఈ గదిలో, ఈ పుస్తకాల మధ్య తోడున్నాడనే మాట నాలుగోసారి పోయినా చేదు కాదు. రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. నువ్వు ఒకటే తీసుకున్నావు.

నేనూ అలా రాసినదాన్నే. చాలా ఏళ్ళ క్రితం 91వ కీర్తన మీద ఒక ధ్యానం రాశాను. 'ఏ తెగులును నీ గుడారమును సమీపించదు' అన్న వచనం. విశ్వాసముంటే ఇంట్లోకి జబ్బే రాదన్నట్టుగా రాశాను. మా సంఘంలో పొగాకు గ్రేడింగుకు వెళ్ళే ఒక తల్లి ఉండేది. పొద్దున్నే పనికి పోయే ముందు ఆ పుట చదువుకుని, మడిచి టిఫిను సంచిలో పెట్టుకునేది. ఆ వారమే జ్వరంతో ఆమె చిన్నపిల్ల పోయింది. పదిహేను రోజుల తర్వాత ఆమె మా ఇంటికి వచ్చి ఆ కాగితం నా చేతిలో పెట్టింది. మడతల దగ్గర పొగాకు జిగురు అంటి నల్లబడి ఉంది. 'అమ్మా, ఇది మా ఇంటికి రాలేదు' అంది. అంతే. కోపం లేదు ఆ గొంతులో. కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని.

ఆ రాత్రి నిద్రపట్టక మత్తయి సువార్త తెరిచాను. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి శోధకుడైన సాతాను యేసు ముందు ఏ వాక్యం ఎత్తాడో నీకు తెలుసు. అదే 91వ కీర్తన. 'నీ పాదమెప్పుడైనను రాతికి తగులకుండ' దూతలు ఎత్తి పట్టుకుంటారు, దూకు అన్నాడు. కీర్తన అబద్ధం కాదు, దాన్ని కోసి వాడిన తీరు అబద్ధం. నేనూ ఆ తల్లి పట్ల చేసింది అదేనని తెలిసినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. ఏమీ బోధించలేదు. 88వ కీర్తన చదివాను. అది చివరి వరుస దాకా చీకటిలోనే ఉంటుంది. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అని ఆగిపోతుంది. ఆమె తలెత్తి, 'ఇది కూడా బైబిల్లోనే ఉందా అమ్మా?' అని అడిగింది. ఉందన్నాను. అప్పుడు ఏడ్చింది. పిల్ల పోయాక ఆమె ఏడవడం అదే మొదటిసారని వాళ్ళ అత్తగారు తర్వాత చెప్పారు.

అప్పటి నుంచి నేను ఏ ధ్యానం రాసినా ఆ నల్లబడిన మడతలు గుర్తొస్తాయి.

మన ప్రాంతంలో వాక్యం ఎలా నిలబడిందో కూడా నువ్వు తెలుసుకోవాలి. 1876 నుంచి 78 వరకు వచ్చిన కరువు గురించి పెద్దలు చెప్పగా వినే ఉంటావు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఆ రోజుల్లో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు పని చూపించాడు. బోధకులు కూలీల మధ్యనే ఉండేవారు, జేబులో కొత్త నిబంధన పెట్టుకుని. ఎముకలు తేలిన మనుషులు మట్టి తవ్వి తవ్వి కాసేపు కూలబడినప్పుడు, అలసినవాళ్ళ గురించి మీ పుస్తకంలో ఉన్న మాట మళ్ళీ చదవండి అని అడిగేవారట. మత్తయి 11:28. 'ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి. నేను మీకు విశ్రాంతి కలుగజేతును.' ఓదార్పుగా ఇవ్వడానికి చాలాసార్లు తన దగ్గర ఆ ఒక్క వచనమే ఉండేదని, కరువంతా తమను దాటించింది అదేనని క్లౌ తర్వాత రాసుకున్నాడు.

ఇందులో నేను పదే పదే తలచుకునేవి రెండున్నాయి. ఒకటి, ఆ వచనం వెంట కూలి కూడా ఉంది. గింజలు లేని ఇంటికి వచనం ఒక్కటే పంపలేదు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చావడిగినప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళు పెట్టి, లేచి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. హోరేబు కొండ మీద దేవుడు మాట్లాడింది నలభై రోజుల తర్వాత. రెండోది, కరువు సాయం కోసం వచ్చారన్న మాట పడకూడదని, సాయం సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె అందరికీ కంఠతా వచ్చు. నన్ను కదిలించేది దానికి ముందున్న ఆగడం. ఓదార్పును బేరంగా మార్చనివ్వని ఆ ఓపిక నీ కలానికి రావాలి. 'ఇది పదిమందికి పంపితే ఆశీర్వాదం' అనే మాట నీ పుటలో ఎన్నడూ కనిపించకూడదు.

ఆ 28వ వచనం దగ్గర ఆగకుండా 30 దాకా చదువు. విశ్రాంతి ఇస్తానన్నవాడు వెంటనే కాడి ఎత్తుకోమంటున్నాడు. కాలువ గట్టు మీద ఆ మాట విన్నవాళ్ళ చేతుల్లోంచి పార మాయం కాలేదు. లేచి మళ్ళీ తవ్వారు. కాడి అంటే ఏమిటో ఒంగోలు గిత్తల్ని చూసిన మనకు వేరే చెప్పక్కర్లేదు. కాడికి రెండు మెడలుంటాయి.

మన తెలుగు బైబిలు మాటల్ని కూడా తొందరపడి దాటిపోకు. విలాపవాక్యాలు మూడో అధ్యాయంలో 'అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది' అని ఉంది. నీ నాలుగో ధ్యానంలో దాన్ని 'దేవుడు రోజూ మనల్ని దీవిస్తాడు' అని మార్చేశావు. అయ్యో అనిపించింది. వత్సం అంటే దూడ. వాత్సల్యం అనే మాటే దూడ మీద ఆవుకున్న ప్రేమలోంచి వచ్చింది. మా తాతగారి కొట్టంలో తెల్లవారుజామున కట్టు విప్పగానే దూడ పరుగెత్తడం, ఆవు దాన్ని తల నుంచి తోక దాకా నాకడం నేను చూస్తూ పెరిగాను. నిన్న నాకాను కదా అని ఏ ఆవూ ఊరుకోదు. హెబ్రీలో అక్కడున్న మాటకు తల్లి గర్భమనే మాటతో చుట్టరికం ఉంది. మన అనువాదకులు కొట్టంలోంచి తెచ్చిపెట్టిన మాటను నువ్వు పొడిమాట చేశావు.

ఆ పుస్తకం కూడా కాలిపోయిన పట్టణం మీద ఏడుపు. మూడో అధ్యాయంలో 66 వచనాలు. హెబ్రీ అక్షరాలు ఇరవైరెండు, ఒక్కో అక్షరంతో మూడేసి వచనాలు. గుండె పగిలినవాడు అక్షరక్రమం తప్పకుండా ఏడ్చాడు. రాసేవాడివి కనుక ఇది నీకు చెబుతున్నాను. దుఃఖానికి కట్టుబాటు అడ్డం కాదు, ఒక్కోసారి అదే చేయి పట్టుకుని నడిపిస్తుంది. వాత్సల్యం మాట ఆ అధ్యాయంలో 22, 23 వచనాల్లో ఉంది. అంతకుముందు ఇరవై వచనాలు చీకటే. పాఠకుణ్ణి కొంత దూరమైనా ఆ చీకటిలో నడిపించి తీసుకురా.

మార్గదర్శనం గురించి అడిగావు. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనాన్ని ఆ రోజుకు నడిపింపుగా తీసుకోమని రాయవచ్చా అని. వద్దు. అయితే నువ్వు విన్న ఆ కథ నిజమే. 1866లో ఒంగోలుకు వచ్చిన తొలిరోజుల్లో, మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని పై కులాలవారు చెప్పినప్పుడు, క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయంలోని అదే భాగం కనిపించింది. 'గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు' అన్న భాగం. మనం ఆ తెరవడాన్ని చెప్పుకుంటాం, దాని ఖరీదు చెప్పుకోం. ఆ వాక్యానికి లోబడినందుకు బడిలో ఉన్న పై కులాల పిల్లలు వెళ్ళిపోయారు. వాళ్ళకు కనిపించింది తమకు నష్టం తెచ్చే వచనం. మన వేలు ఎందుకో ఎప్పుడూ లాభం తెచ్చే వచనం మీదే పడుతుంది. రోజూ వరుసగా చదువుకునేవాడికి తనకు నచ్చని వచనం కూడా ఎదురవుతుంది. నడిపింపు ఎక్కువగా అక్కడే దొరకడం నేను చూశాను.

భాష సంగతి క్లుప్తంగా. వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయి, ఆ 'యున్నది', 'గనుక' అన్నీ ఉండనీ. అమ్మమ్మల నోళ్ళలో అలాగే ఉంది. నీ సొంత మాటల్లో మాత్రం వాటిని అనుకరించకు. నువ్వు మాట్లాడినట్టే రాయి.

ఇప్పుడు ఒక పని చెబుతాను. మత్తయి 11:28 మీద ఒక్క పుట రాసి తీసుకురా. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆ తల్లి ఇంటికి వెళదాం. ఆమెకు ఇప్పుడు చూపు ఆనడం లేదు, గ్రేడింగు పని మానేసి చాలాకాలమైంది. నువ్వే చదివి వినిపించు. విని ఊరుకుంటే కాగితం వెనక్కి తెచ్చుకుని మళ్ళీ రాద్దాం. ఇంకోసారి చదవమంటే అచ్చుకు ఇచ్చేద్దాం.

ప్రభువునందు,
నీ అక్క