మేనేజర్ అందరి ముందు తిడుతుంటే ఏం చేయాలి?

తమ్ముడూ, మేనేజర్ రోజూ పొద్దున కాల్‌లో అందరి ముందు తిడుతున్నాడని, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ మొదలవుతోందని రాశావు. చదివి మనసు కలుక్కుమంది. బెంగళూరు మారతహళ్లిలో నా పాత ఆఫీసులోనూ ఇంతే. తిట్లకు భయపడి సర్వర్‌లో చేసిన తప్పు రెండు రోజులు దాచాను, చేతులు వణుకుతుంటే రాత్రంతా లాగ్‌లు చూస్తూ కూర్చున్నాను. ఇప్పటి టీములో ఎవరైనా పొరపాటు చెబితే మా లీడ్ ముందు "సరే, ఏం జరిగింది?" అంటుంది. అందుకే ఎవరం దాచం.

తేదీ, సమయం, అన్న మాట రాసిపెట్టుకుని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు. నోటిమాటగా వదిలేయకు. నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. బెంగళూరు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్య ఆసుపత్రి ఉంది, వెళ్లడానికి మొహమాటపడకు.